పగలు పీఠము – రాత్రి పడక

ఆకలి రుచి యెరుగదు, నిద్ర సుఖమెరుగదు అని పెద్దల మాట. నిద్ర సుఖము నెరుగకపోవచ్చును గాని క్షేమమును మాత్రము కోరును. బండిలో నిద్రించువారి విషయమున ఇది మరువరాని సంగతి. ఇంటిలో నులకమంచము తెగినచో మనిషి మూరెడెత్తునుండి నేలపై పడి, నడుము తడవుకొనుచు లేచును. బండిలోని పడక ఊడినచో కలుగు కీడు అంతతో పోదు. ఈనాడు వ్యానులలో మడత సోఫాపడకలను అమర్చుకొనవలెనను కోరిక పలువురిలో కనబడుచున్నది. అట్టివారు వడ్రంగి నింటికి పిలుచుటకు ముందు తెలిసికొనవలసిన నాలుగు మాటలను ఈ ప్రసంగములో మనవి చేయుదును.

ప్రయాణములో పడకను వెంట గొనిపోవుట మనకు క్రొత్త గాదు. ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల ప్రాంతములలో మోటారులు విరివిగా రాకపూర్వము తిరునాళ్లకును, పెండ్లిండ్లకును జనులు గూడుబండ్లు కట్టుకొని పోయెడివారు. బండి అడుగున గడ్డిని మందముగా పరచి, దానిపై బొంత వేసి, పిల్లలను, వృద్ధులను పరుండబెట్టెడివారు. మజిలీ చేరిన పిమ్మట ఆ గడ్డినే కొంత తీసి ఎద్దులకు వేసెడివారు. ఒకే వస్తువు రాత్రి పరుపు, తెల్లవారి మేత. చోటు కొద్దియైనపుడు ఒక వస్తువు రెండు పనులు చేయవలెనను సూత్రమును మన రైతులు ఏ గ్రంథమును చదువకయే ఎరిగియుండిరి.

రైలులోను ఇదే సూత్రము కానవచ్చును. ఎర్రగుంట్ల జంక్షను చెన్నై–ముంబయి ప్రధాన మార్గమున ఉన్నది. 2016లో నంద్యాల మార్గము కూడ దానితో కలిసినది. ఈ మార్గములలో ప్రయాణము చేయునపుడు స్లీపరు పెట్టెలోని మధ్య పడకను గమనింపుడు. పగటివేళ అది క్రిందికి వ్రేలాడి, కూర్చున్నవారు వీపు ఆనించుకొను పలక యగును. రాత్రి పది గంటలకు దానిని పైకెత్తి గొలుసులకు తగిలించినచో పడక యగును. ఉదయము ఆరు గంటలకు మరల దింపవలెనని నియమము. నడవకు అవతల కిటికీ కడ ఎదురెదురుగా నుండు రెండు ఒంటి సీట్ల వీపులను వాల్చి కలిపినచో అదియు నొక పడకయే. వ్యానులలో అమర్చు మడత సోఫాపడక వీటికి దగ్గరి చుట్టమే గాని వింత వస్తువు గాదు.

ఈ మడత చూచుటకు ఎంత సామాన్యమో, అశ్రద్ధ చేసినచో అంత ప్రమాదకరము. 2024 జూనులో తెలంగాణ మీదుగా ఢిల్లీ వైపు పోవుచున్న ఒక రైలులో పైనున్న పడక క్రిందికి పడి, అడుగు పడకపై పరుండియున్న కేరళ ప్రయాణికు డొకడు తీవ్రముగా గాయపడి, తరువాత మరణించెను. పడకలో లోపము లేదనియు, గొలుసు సరిగా తగిలింపబడకపోవుటయే కారణమనియు రైల్వేశాఖ వివరణ ఇచ్చెను. ఒక గొలుసు, ఒక కొక్కెము. వాటిమీద ఒక ప్రాణము ఆధారపడి యున్నది. సోఫాపడక యనగానే మనకు పరుపు మెత్తదనము, గుడ్డ రంగు మనసునకు తోచును. వాటికంటె ముందు తలపవలసినది కొక్కెమును.

వ్యానును విడిదిగా మార్చు పద్ధతి పాశ్చాత్యదేశములలో రెండవ ప్రపంచయుద్ధము ముగిసిన తరువాత బాగుగా వ్యాపించినది. జర్మనీలో ఫోక్స్‌వాగన్ సంస్థ తయారుచేసిన చిన్న వ్యానులో అమర్చుటకును, మరల తీసివేయుటకును వీలైన సామగ్రిని వెస్ట్‌ఫాలియా అను సంస్థ 1951లో రూపొందించెను. పని దినములలో సరకులు మోయు వ్యానే సెలవు దినమున కుటుంబమునకు విడిదియయ్యెను. బండి రెండు, ఇల్లు రెండు కొనలేని మధ్యతరగతివారికి అది యెంతయో అనుకూలించినది.

మన ప్రాంతమున ఈ కోరిక పుట్టుటకు కారణము లేకపోలేదు. జమ్మలమడుగుకు సుమారు 15 కిలోమీటర్ల దూరమున, ఎర్రమల కొండలను కోసికొని పారు పెన్నానది లోయ అంచున గండికోట ఉన్నది. మాధవరాయస్వామి ఆలయము, రంగనాథాలయము, జామియా మసీదు, విశాలమైన ధాన్యాగారము గల ఆ కోటను చూచుటకు దూరప్రాంతముల నుండి జనులు వచ్చుచున్నారు. లోయపై సూర్యోదయమును చూడవలెనన్నచో రాత్రి దగ్గరలోనే బస చేయవలెను. వ్యానులోనే పరుండు ఏర్పాటున్నచో ఆ చిక్కు తీరును. తిరుమల, అహోబిలము, శ్రీశైలము యాత్రలకు పెద్దలను తీసికొనిపోవు కుటుంబములకును ఇట్టి బండి ఉపకరించును. అయితే, పరుండియే ప్రయాణము చేయవలసిన రోగులను ఈ పడకపై తీసికొనిపోరాదు. వారికి పట్టీలు గల స్ట్రెచరు, దానిని బిగించు ఏర్పాటు గల అంబులెన్సే తగినది.

ఇక మడత పడకల రకములు చూతము. ఇవి ముఖ్యముగా మూడు విధములు. మొదటిది వాలు పడక. సీటును ముందునకు లాగినచో దాని వీపు వెనుకకు వాలి చదునగును. వెనుక సామాను పెట్టెపై ముందే అమర్చియుంచిన మరొక పరుపుతో అది కలిసి పూర్తి పడక యగును. రెండవది జారు పడక. ఇందులో చెక్క పట్టీలు రెండు వరుసలుగా ఉండును. రెండుచేతుల వ్రేళ్లను ఒకదాని నడుమ నొకటి చొప్పించి మెల్లగా ఎడము చేసినట్లు, ఒక వరుస నిలిచియుండగా రెండవ వరుస సొరుగువలె ముందునకు వచ్చును. మూడవది బల్ల పడక. ఎదురెదురుగా రెండు పీటలు, నడుమ భోజనపు బల్ల. రాత్రి ఆ బల్లను పీటల మట్టమునకు దించి, పైన పరుపు ముక్కలను పరచుకొందురు.

వీటిలో ఏది మంచిదను ప్రశ్నకు, బండి నడచుచుండగా ఆ సీటుపై ఎవరైన కూర్చుందురా యను ఎదురు ప్రశ్నయే సమాధానము. కూర్చుందురన్నచో వాలు పడకనే ఎన్నుకొని, సీటుబెల్టులతో సహా పరీక్షలకు నిలిచిన సీటును తయారీసంస్థ నుండి కొనుట మేలు. బండి నిలిపిన తరువాత మాత్రమే వాడుకొందురన్నచో జారు పడకను గాని, బల్ల పడకను గాని మన ఊరి వడ్రంగియు, వెల్డింగు పనివాడును కలిసి చక్కగా చేయగలరు. అట్టి పీటపై ప్రయాణ సమయమున ఎవ్వరిని కూర్చుండనీయరాదు. ఈ నియమమును ఇంటిల్లిపాదికి ముందే తెలుపవలెను.

కొలతలు తీయునపుడు ముందు మనిషిని కొలువుడు. తరువాత బండిని కొలువుడు. చివరకు చెక్కను కొలువుడు. ఈ వరుస తప్పినచో డబ్బును, చెక్కయు వ్యర్థమగును. ఐదున్నర అడుగుల మనిషి కాళ్లు చాపుకొని పరుండుటకు ఆరడుగుల పొడవు కావలెను. ఇద్దరికి నాలుగడుగుల వెడల్పున్న మంచిది. 2019లో తయారీ నిలిచిపోయిన మారుతి ఓమ్ని వంటి చిన్న వ్యానులు నేటికిని మన రోడ్లపై కనబడును. దాని వెలుపలి వెడల్పే 1.41 మీటరు, అనగా సుమారు నాలుగడుగుల ఏడున్నర అంగుళములు. లోపలి వెడల్పు ఇంకను తక్కువ. కావున అట్టి బండిలో అడ్డముగా పరుండుట పెద్దవారికి సాధ్యము గాదు; నిలువుననే పడక వేయవలెను. లోపలి వెడల్పు ఆరడుగులకు మించిన పెద్ద వ్యానులలో మాత్రమే అడ్డు పడకను గూర్చి ఆలోచింపవచ్చును.

నిలువు పడక లెక్కను ఒక ఉదాహరణముతో చెప్పెదను. సీటు లోతు 20 అంగుళములు. వీపు ఎత్తు 24 అంగుళములు. వెనుక సామాను పెట్టెపై పరుపు 28 అంగుళములు. మూడును కలిపి 72 అంగుళములు, అనగా ఆరడుగులు. నేలనుండి సీటు పైభాగము, పరుపుతో సహా, 16 మొదలు 18 అంగుళముల ఎత్తున ఉన్నచో మోకాళ్ల నొప్పులున్న పెద్దవారు సుఖముగా కూర్చుండి లేవగలరు. చెక్క కోయుటకు ముందు ఈ మూడు ముక్కలను అట్టతో కత్తిరించి, బండిలో పరచి, ఇంటిలో అందరికంటె పొడవైనవానిని పరుండబెట్టి చూడుడు. తలుపు మూయుటకు మోకాలు అడ్డువచ్చుచున్నదో, చక్రముపై ఉబ్బెత్తు భాగము పలకకు తగులుచున్నదో అట్టయే తెలుపును.

బందు అమర్చు చోటు మరొక సూక్ష్మము. వీపును, సీటును కలుపు బందును పలకల మట్టమున బిగించి, పరుపులను బందు వరకు నిండుగా వేసినచో, వీపును పైకెత్తినపుడు ఆ పరుపులు మూలలో ఒకదాని నొకటి ఒత్తుకొనును. వీపు నిలువుగా నిలువదు. ఒక పరుపును కురుచ చేసినచో, పరుండినపుడు సరిగా నడుము క్రింద గాడి పడును. కావున మడత తిరుగు స్థానమును చట్రమునకు ఇరుప్రక్కల ఇనుపపట్టీల సాయమున పరుపుల పైమట్టమునకు చేరువగా ఎత్తవలెను. అప్పుడు పరుండునపుడు రెండు పరుపులు చక్కగా కలియును. కూర్చుండునపుడు ఒత్తుకొనక విడిపోవును. గాడి పడిన పడకపై ఒక రాత్రి పరుండినవారికి ఈ మాట విలువ తెలియును.

చట్రమునకు ఇనుప చదరపు గొట్టములు, పలకలకు అర అంగుళము మందము గల ప్లైవుడ్డు చాలును. ఆరడుగుల పొడవు, నాలుగడుగుల వెడల్పు గల ప్లైవుడ్డు పలక సుమారు 17 కిలోలు తూగును. అంతే కొలత గల అంగుళము మందపు నాపరాతి బండ 150 కిలోలకు తక్కువ గాదు. బలము కొరకు బరువును పెంచనక్కరలేదని చెప్పుటకే ఈ పోలిక. బరువు పెరిగినచో బ్రేకులకును, టైర్లకును శ్రమ పెరుగును. పలకకు అక్కడక్కడ రూపాయి బిళ్లంత రంధ్రములు చేసినచో పరుపు అడుగున గాలి ఆడును. చెమట తేమ నిలిచి బూజు పట్టదు. రోహిణికార్తె ఎండలలో రెక్సిను గుడ్డ ఒంటికి అంటుకొని బాధించును గనుక పైన నూలు తొడుగు వేసి, ఉతికికొనుటకు వీలుగా ఉంచవలెను. పలకల మూలలను గుండ్రముగా తీర్చవలెను. మడత నడుమ చిన్నపిల్లల వ్రేళ్లు పడకుండ ఎడము విడువవలెను. తెరచినపుడు ఒకటి, మూసినపుడు ఒకటి చొప్పున రెండు గడియలుండవలెను. గడియ పడినదని కంటికి కనబడవలెను.

ఇప్పుడు అన్నిటికంటె ముఖ్యమైన బిగింపు సంగతి. ఎర్రగుంట్ల పరిసరములలో నాపరాళ్లను లారీ కెత్తువారికి దీనిని క్రొత్తగా చెప్పనక్కరలేదు. రాళ్లను నిలువుగా పేర్చి, కదలకుండ చీలలు దిగవేసి, మోకులతో కట్టనిదే వారు లారీని కదలనీయరు. బండి ఆగినను దానిలోని బరువు ఆగదని వారు ఎరుగుదురు. అదే న్యాయము మనుష్యులకును వర్తించును. 60 కిలోల మనిషి గంటకు 60 కిలోమీటర్ల వేగమున పోవు బండిలో ఉన్నాడనుకొందము. ఆ బండి దేనికో ఢీకొని ఒక మీటరు దూరములో నిలిచిపోయినచో, అతనిని సీటులో నిలిపియుంచుటకు సుమారు 850 కిలోల బరువునకు సమానమైన బలము కావలెను. ముగ్గురు కూర్చున్న సోఫాపై అది రెండున్నర టన్నులగును. చెక్కలో దిగవేసిన మరలు ఆ లాగుడుకు నిలువలేవు.

కావున సీటు కాళ్లను బండి అడుగుననున్న ఇనుప చట్రమునకు, సీటు కొరకు తయారీసంస్థ ఏర్పరచిన స్థానములలోనే బోల్టులతో బిగింపవలెను. క్రొత్త స్థానము తప్పనిసరియైనచో అడుగున వెడల్పైన ఇనుప పలకను ఆనించి బిగింపవలెను. చిన్న వాసరు మాత్రమే వేసినచో బోల్టు పలుచని రేకును చీల్చుకొని పైకి వచ్చును. రంధ్రము చేయుటకు ముందు బండి క్రిందికి దూరి పెట్రోలు ట్యాంకు, బ్రేకు గొట్టములు, విద్యుత్తీగలు ఎచ్చట నున్నవో చూచుకొనవలెను. సీటుబెల్టును ఎన్నడును చెక్క పెట్టెకు బిగింపరాదు. నెలకొకసారి నట్లు వదులైనవేమో పరీక్షింపవలెను. మన మెట్టదారుల కుదుపులకు ఎంత గట్టి నట్టైనను కొంత కాలమునకు వదులగును.

చట్టమును కూడ విస్మరింపరాదు. 1988 నాటి మోటారు వాహనముల చట్టము 52వ సెక్షను ప్రకారము, తయారీదారు నిర్దేశించిన వివరములకు భిన్నమగునట్లు వాహనమును యజమాని మార్చరాదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు ఈ సంగతిని స్పష్టపరచెను. ఎందరు కూర్చుండవచ్చునో రిజిస్ట్రేషను పత్రములో వ్రాయబడియుండును. సీట్లను తీసి పడక అమర్చినచో ఆ సంఖ్య మారును. అందుచేత పని ప్రారంభింపక మునుపే రవాణాశాఖ కార్యాలయమున విచారించి, అవసరమైన అనుమతిని వ్రాతమూలకముగా పొంది, బీమా సంస్థకును తెలుపుట మంచిది. ప్రమాదము జరిగిన తరువాత తెలిసికొన్న నియమము ఎవ్వరికిని ఉపకరింపదు.

పడక అమరిన తరువాత రాత్రి జాగ్రత్తలు కొన్ని కలవు. 2024 డిసెంబరులో కేరళలోని వడకర వద్ద రోడ్డు ప్రక్కన నిలిపిన కారవానులో ఇద్దరు నిద్రలోనే మరణించిరి. జనరేటరు నుండి వెలువడిన కార్బన్ మొనాక్సైడు లోనికి చేరుటయే కారణమని పరిశీలనలో తేలినది. ఆ వాయువునకు రంగు లేదు, వాసన లేదు. చల్లదనము కొరకు ఇంజనును నడుపుచు మూసిన బండిలో నిద్రించుటయు, లోపల పొయ్యి వెలిగించుటయు ప్రాణాపాయకరములు. ఇంజను ఆపి, ఎదురెదురు కిటికీలను కొంత తెరచి, దోమతెరలు కట్టుకొని పరుండుటయే మేలు. పడక పరచియున్నపుడు లోపలినుండి తలుపు తెరచుటకు వీలున్నదో లేదో మొదటినాడే చీకటిలో పరీక్షింపవలెను. పడకపై పరుండినవాడు దీపము లేకయే తలుపు పిడిని అందుకొని బయటపడగలిగినచో పని సరిగా కుదిరినదని తెలియుడు. బండిని నిలుపునపుడు చదునైన నేల చూచి, చేతిబ్రేకు వేసి, చక్రములకు రాళ్లు అడ్డుపెట్టవలెను. లోయ అంచులకు, వాగుల ఇసుకకు దూరముగా ఉండవలెను.

పడక అమరినదిగదా యని కొందరు బండి నడచుచుండగనే పిల్లలను దానిపై పరుండబెట్టుట కలదు. అది ఎంతమాత్రము తగదు. పైన చెప్పిన 850 కిలోల లెక్క పరుండినవారికిని వర్తించును. వారిని పట్టియుంచు బెల్టు మాత్రము లేదు. ఎద్దుబండి నడకకు గడ్డిపరుపు చాలినది. మోటారు వేగమునకు అది చాలదు. పగలు పీఠము, రాత్రి పడక అను మాటకు బండి నడచునపుడు పీఠము, ఆగినపుడు పడక యని అర్థము చెప్పుకొనవలెను.

ఈ సందర్భమున మరొక పడకను తలపకుండ ముగింపరాదు. ఎర్రగుంట్ల నుండి సిమెంటును, నాపరాళ్లను మోసికొని దూరప్రాంతములకు పోవు లారీలలో పలువాటికి డ్రైవరు సీటు వెనుక ఇరుకైన పలక యొకటి ఉండును. మనకు వినోదయాత్రలో ఒక రాత్రి పడక ఏదో, వారికి సంవత్సరము పొడవునా అదే పడక. 1961 నాటి మోటారు రవాణా కార్మికుల చట్టము రోజునకు 8 గంటలు, వారమునకు 48 గంటలు మించి సాధారణముగా పని చేయించరాదనియు, ఐదు గంటల పనికి పిమ్మట కనీసము అరగంట విశ్రాంతి ఇయ్యవలెననియు, 2025లో రద్దగువరకు, చెప్పుచుండెను. మధ్యరకపు, భారీ సరకు లారీలు క్రొత్తగా తయారగునపుడు డ్రైవరు గదికి శీతలయంత్రము అమర్చవలెనను నియమము 2025లో అమలునకు వచ్చినది. ఇది మెచ్చదగినదే. కాని సరకు వేళకు చేరవలెనను తొందరలో ఆ పలకపై నడుము వాల్చుటకు డ్రైవరునకు గంట సమయమైన చిక్కనిచో, పరుపు ఎంత మెత్తనిదైనను, గది ఎంత చల్లనిదైనను ఫలమేమి? రెప్ప వాలిన ఒక్క క్షణములో ఆ లారీ ఎదుట వచ్చునది మన వ్యానే కావచ్చును.

వ్యానులో పడకను అమర్చుకొను గృహస్థు ఈ పాఠమును తన బండికిని అన్వయించుకొనవలెను. పడక ఉన్నదిగదా యని రాత్రియంతయు నడిపి, తెల్లవారుజామున నిద్రింతమనుకొనుట తగదు. కన్ను మసకబారగనే బండిని రోడ్డుకు దూరముగా, సురక్షితమైన చోట నిలిపి, గడియను సరిచూచుకొని, పడకను పరచుకొనవలెను. అట్టపై కొలతలు వ్రాసికొనునపుడే ప్రయాణములో ఎచ్చటెచ్చట ఆగవలెనో కూడ వ్రాసికొనుట మంచిది.